దాని ఇష్టం ఎవరడిగారు

మా ఆయన జమ్మలమడుగులో జువాలజీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత కిడ్నీలు పోయాయి గానీ లెక్చరు పోలేదు. ప్రొద్దుటూరులో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న ఆస్పత్రిలో రోజు మార్చి రోజు డయాలసిస్. ఒంట్లో రక్తమంతా మిషన్లోకి పోయి శుభ్రపడి తిరిగొచ్చేసరికి ఒక పూట గడిచిపోతుంది. ఆ పూటంతా చెయ్యి కదపడానికి లేదు. నోటికి మాత్రం ఏ అడ్డూ లేదు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన నేను, ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఈ లెక్చర్లన్నీ విన్నాను.

ఆ గదిలో మా పూటకు వచ్చేవాళ్ళు ఇంకో ఇద్దరు. ఒకాయన టైలరు, అందరూ భాయ్ అంటారు. కువైట్‌లో చాలా ఏళ్ళు అరబ్బుల పొడుగు చొక్కాలు కుట్టి, నాలుగు డబ్బులతో పాటు ఈ జబ్బు కూడా తెచ్చుకున్నాడు. ఇంకొకామె జమ్మలమడుగు నుంచి వచ్చే టీచరమ్మ. క్రైస్తవులు. ఎలిమెంటరీ బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి అలసిపోయిన మనిషి. ఆమె భర్త మోటారు సైకిల్ మీద దింపి, అయ్యేదాకా ఫ్యాను కింద పేపరు చదువుతుంటాడు. మనిషి దుక్కలా ఉంటాడు, దగ్గు కూడా రాదు.

పంది మా బతుకుల్లోకి వచ్చింది ఆ పేపరు వల్లే.

"సార్, అమెరికాలో మనిషికి పంది కిడ్నీ పెట్టినారంట," అన్నాడు టీచరమ్మ భర్త ఒక రోజు.

"తోబా తోబా! పొద్దున్నే ఏం మాటప్పా అది," అన్నాడు భాయ్, రెండో చెయ్యి ఖాళీగా ఉంటే చెంపలు వేసుకునేవాడే.

మా ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "మన మురుగ్గాల్వల్లో పొర్లే పంది కాదు భాయ్. ల్యాబులో పుట్టించిన పంది. అది పుట్టకముందే, కణంగా ఉన్నప్పుడే, దాని జీన్లు కొన్ని కత్తిరించి తీసేస్తారు. మన మనుషులవి కొన్ని అతికిస్తారు. అప్పుడు దాని కిడ్నీ తెచ్చి పెడ్తే, మన ఒళ్ళు దాన్ని పరాయిదనుకోదు. తెలిసిందా?"

టీచరమ్మ భర్త నోరు తెరిచి విన్నాడు. నాకు మాత్రం పెద్ద వింతగా అనిపించలేదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారింట్లో నాకు చేసింది అదే. ఇంటిపేరు తీసేశారు, ఇంకొకటి అతికించారు. కూరలో ఉప్పూకారం మార్చారు, పండగ రోజు కట్టే చీర రంగు మార్చారు, చివరికి నవ్వే పద్ధతి కూడా మార్చారు. ఇదంతా ఆ ఇల్లు నన్ను పరాయిదనుకోకుండా ఉండటానికే. ఈ పరిశోధన అమెరికా వాళ్ళకు కొత్తేమో గానీ మాకు కాదు.

ఆ రోజు మొదలైన చర్చ నెలల తరబడి సాగింది. మా ఆయనది సున్నితమైన మనసు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కప్పలను మైనపు పళ్ళెంలో వెల్లకిలా పడుకోబెట్టి, గుండుసూదులు గుచ్చి పిల్లలతో కోయించేవాడు. ఇప్పుడు ఆ కప్పల ఉసురే తగిలి కిడ్నీలు పోయాయంటాడు. బీపీ మాత్రలు మింగకుండా గూట్లో దాచిన ఉసురు అంటాను నేను. ఏదైతేనేం, మూగజీవాల మీద ఆయనకు జాలి కలిగింది. ఆదివారం పూట పొట్టేలు మాంసం తెచ్చినప్పుడు ఆ జాలి ఎక్కడికి పోయేదో నేను అడగలేదు.

"మందుల కోసం ఎలుకను మార్చినారు, సరే అనుకున్నాం. ఇప్పుడు పంది. దాన్ని పుట్టించేదే కోసేదానికి. దానికి రోగం ల్యా, నొప్పి ల్యా, మన రోగానికి అది సావల్లనా? ఇది ఏం న్యాయం?" అనేవాడు.

"దేవుడు చేసిందాన్ని మల్లా చేసేదానికి మనమెవురం సార్?" అనేది టీచరమ్మ నీరసంగా.

"ముట్టుకునేదే లేదు, లోపల పెట్టి కుట్టించుకునేదా!" అనేవాడు భాయ్. "నేను సచ్చినా ఒప్పుకోను సార్. అల్లా ఎన్ని దినాలు రాసింటే అన్ని దినాలు."

ముగ్గురూ ముగ్గురే. ముగ్గురి కారణాలూ వేరు, తీర్పు మాత్రం ఒకటే. పంది కిడ్నీ తప్పు. ఆ గదిలో ఆ జంతువుకు జరిగినంత న్యాయం మన కోర్టుల్లో మనుషులకు జరిగి ఉండదు.

చర్చ కాస్త చల్లబడ్డాక భాయ్ మా ఆయన వైపు తిరిగి, "అది సరే సార్, అమ్మ ఎప్పుడిస్తాది?" అనేవాడు.

"ఇస్తాది ఇస్తాది. టెస్టులు కావల్ల," అనేవాడు మా ఆయన.

ఇవ్వాల్సింది నా కిడ్నీ. నేను పక్కనే, ఆ స్టూలు మీదే ఉండేదాన్ని. బత్తాయి తొక్క వలిచినంత తేలిగ్గా అనేవాళ్ళు ఆ మాట. భాయ్‌ది తప్పని నేను అనను. ఆయన భార్యకు షుగరుంది, ఆమె కిడ్నీ పనికిరాదని చెప్పేశారు కాబట్టి ఇంకొకరి అదృష్టం కనుక్కుంటున్నాడు. నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఫ్యాను కింద దుక్కలా కూర్చున్న టీచరమ్మ భర్తను చూసి, "అయ్య ఎప్పుడిస్తాడు?" అని ఇన్ని నెలల్లో నర్సు అడగలేదు, భాయ్ అడగలేదు, మా ఆయన అడగలేదు, ఆఖరికి టీచరమ్మ కూడా అడగలేదు. ఆయన పేపరు మడిచి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివేవాడు.

మా ఇంట్లో ఇచ్చేవాళ్ళకు కొదవేం లేదు. ఇద్దరు కూతుళ్ళున్నారు. "వాళ్ళు చిన్నోళ్ళు, సంసారాలున్నాయి, వాళ్ళ జోలికి పోవద్దు," అని మా ఆయన మొదటి రోజే చెప్పాడు. ఆ మాటకు నాకూ సంతోషమే. నాకూ ఒక సంసారం ఉన్నట్టు ఆయనకు తట్టలేదు, ఎందుకంటే ఆ సంసారం ఆయనే. ఇక మిగిలింది మా మరిది. పులివెందుల దగ్గర చీనీ, అంటే బత్తాయి తోట, అరటి తోట. బోర్లు ఎండినా మనిషి ఎండలేదు. తోడబుట్టినవాళ్ళ కిడ్నీ బాగా కలిసే అవకాశముందని డాక్టరు చెప్పినప్పటి నుంచి అతనికి నా మీద భక్తి పెరిగింది.

"వదినా, నువ్వుండంగ మాకేం భయం ల్యా," అంటాడు, వచ్చిన ప్రతిసారీ. రావడం వట్టి చేతులతో రాడు. బస్సులో ఒక సంచీ చీనీకాయలు, ఒక గెల అరటిపళ్ళు వేసుకుని దిగుతాడు. డయాలసిస్ మనిషికి ఆ రెండూ విషంతో సమానమని ఎన్నిసార్లు చెప్పానో.

"అన్నకు కాదు వదినా, నీకు. రసం తీసుకోని తాగు. నీ కిడ్నీలు బాగుండల్ల," అంటాడు.

నేను తాగాను. చీనీకాయలు నిజంగానే తియ్యగా ఉన్నాయి.

ఇలా ఉండగా ఒక సాయంత్రం మా ఆయన వరండాలో కూర్చుని జమ్మలమడుగులో ఉన్న పాత లెక్చరరు మిత్రుడితో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గడప దగ్గరికి వచ్చి ఆగిపోయాను.

"మనం బతకల్లని దాన్ని కోసేది ఏం న్యాయమప్పా? దాని కిడ్నీ దానికి అక్కర లేదా? పాపం నోరు లేనిది. ఏం చేసినా పడి ఉంటాది. ఇస్తాది ఇస్తాది అంటాండారే గానీ, దాని ఇష్టం ఎవుడడిగినాడు? ఎవుడూ అడగల్యా!"

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళ కాపురంలో నా గురించి ఈ మనిషి ఇంత ఆలోచించాడా అనుకున్నాను. నా ముందు అనలేక, మిత్రుడి దగ్గర మనసు విప్పుకుంటున్నాడనుకున్నాను. ఆ క్షణంలో అడిగుంటే రెండు కిడ్నీలూ ఇచ్చేదాన్ని.

"దానికేం తెలివి తక్కువనుకుంటాండావా? మనిషి మాదిరే భయపడ్తాది. ఒంటరిగా పెడ్తే దిగులు పెట్టుకుంటాది," అన్నాడు. నేను చీర కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. "ఏం లాభం, ఎంత బాగా చూసుకున్నా కోసేదానికే గదా! ఏసీ గదిలో పెట్టి మేపుతాండారంట."

మా ఇంట్లో ఏసీ లేదు.

ఆ కాఫీ నేనే తాగేశాను.

తప్పు ఆయనది కాదు, మా భాషది. పిల్లలకు వ్యాకరణంలో ఒక పాఠం చెప్పేదాన్ని. మగవాళ్ళు మహత్తులు. పశువులు, రాళ్ళు, చెంబులు అమహత్తులు. ఆడవాళ్ళు ఏకవచనంలో అమహత్తులతో పోతారు, బహువచనంలో మాత్రం మహత్తుల్లో చేరతారు. అన్న వచ్చాడు, ఆవు వచ్చింది, అమ్మ వచ్చింది. ఆడది ఒక్కతే ఉంటే ఆవులో జమ, నలుగురు పోగైతేనే మనిషిలో జమ. ఈ సంగతి తొమ్మిదో తరగతికి ఏళ్ళ తరబడి బెత్తం పట్టుకుని వల్లె వేయించాను. ఒక్కనాడైనా నాకు చీమ కుట్టినట్టు కాలేదు. మా ఆయన "అది ఇస్తాది" అంటే, ఇచ్చేది పందో పెళ్ళామో చెప్పగల పండితుడు ఇంకా పుట్టలేదు.

ఆ రోజు నుంచి పంది చర్చ వింటే ఒళ్ళు మండేది. అయినా టెస్టులకు పిలిస్తే వెళ్ళాను. రక్తం ఇచ్చాను, స్కానింగులు తీశారు, ఆకలి కడుపుతో గంటలు గంటలు కూర్చోబెట్టారు. చివరికి కలిసిందన్నారు. మా మరిది పులివెందుల నుంచి ఫోన్ చేసి, "పెండ్లప్పుడు జాతకాలు కలవలేదని పెద్దోళ్ళు గునిసినారు వదినా. సూడు, ఇప్పుడు కిడ్నీ ఎట్ల కలిసిందో!" అని పొంగిపోయాడు. బంధువుల్లో ఒకరిద్దరు నాకు ఫోన్ చేయకుండా మా ఆయనకు ఫోన్ చేసి అభినందించారు.

నెలకోసారి బెంగళూరు నుంచి ఒక డాక్టరమ్మ మా ఆస్పత్రికి వస్తుంది. మా అమ్మాయి వయసు ఉంటుంది. ఇద్దరినీ పిలిచి, కాగితాలు చూసి, మా ఆయనను కాసేపు బయట కూర్చోమంది. ఆయన వెళ్ళాక తలుపు వేసింది.

"అమ్మా, మీకిది ఇష్టమేనా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా? వద్దంటే నేను ఏదో ఒక కారణం చెప్పి ఆపేస్తాను. మీరు చెప్పారని ఎవరికీ తెలియదు," అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు తయారుగా లేదు. ఎవరైనా అడుగుతారని అనుకుంటే కదా తయారు చేసుకునేది! బడిలో ఎప్పుడూ చేయి ఎత్తని పిల్లను లేపి నిలబెట్టినట్టయింది. ఆలోచించి చెప్తానన్నాను.

బయటికి రాగానే మా ఆయన, "ఏమడిగింది?" అన్నాడు.

"ఇష్టమేనా అని."

"అదేం ప్రశ్న!" అని నవ్వాడు. కల్లాకపటం లేని నవ్వు. "ఏం చెప్పినావు?"

"ఆలోచించి చెప్తానన్నా."

ఆటోలో ఇంటికి చేరేదాకా ఆయన మాట్లాడలేదు. నేను చూస్తుండగా ఆయన అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదటిసారి. ఇంట్లోకి వచ్చాక కుర్చీలో కూలబడి, "మ్మే, నేను సచ్చిపోయినా నీకు పర్వాల్యా?" అన్నాడు.

నాకు కోపం నషాళానికంటింది. "పంది ఇష్టం ఎవుడడిగినాడని ఊరందరికీ ఫోన్లు చేసి ఏడిస్తివే! నన్నొక మాట అడిగినావా? దానికున్న పాటి విలువ లేదా నాకు?"

"నిన్నడిగేదేంది?" అన్నాడు ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి. "నువ్వూ నేనూ వేరేనా?"

ఈ మాట వినడానికి ఎంత కమ్మగా ఉంటుందో! పెళ్ళయిన ప్రతి ఆడదీ ఒక్కసారైనా వినాలనుకునే మాట. ఈ ఒక్క మాటతో నా జీతం ఆయన జీతమైంది, మా నాన్న ఇచ్చిన నగలు ఆయన చెల్లెలి పెళ్ళి నగలయ్యాయి, ఇప్పుడు కిడ్నీ వంతు.

"వేరే," అన్నాను. "నన్ను కోస్తే నీకు నొప్పి పుట్టదు. అందుకని వేరే."

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో కంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. వేళకు అన్నం పెట్టాను, మాత్రలు చేతికిచ్చాను, ఆస్పత్రికి తోడు వెళ్ళాను. ఆయన మిషన్ పక్కన కళ్ళు మూసుకుని పడుకునేవాడు. భాయ్ పందిని కదిలించినా పలకలేదు.

ఒక ఉదయం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆయన వంటింట్లో కూర్చోవడం నేను ఎరగను. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు చేసినట్టు గొంతు సవరించుకున్నాడు.

"మ్మే, నీ కిడ్నీ ఒగటి నాకిస్తావా?"

ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న కోసమే కాచుకున్నాను. అడిగితే ఇచ్చేస్తానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అలకంతా అడగనందుకే అనుకున్నాను. ఆయన అడిగేసరికి, నిజంగా ఇవ్వాలో వద్దో మొదటిసారి ఆలోచించాను.

"ఇయ్యను," అన్నాను. "నాకు భయం. రెండు కాన్పులకూ కోసినారు. గర్భసంచి తీసేసినారు. గాల్ బ్లాడర్లో రాళ్ళున్నాయని మల్లొకసారి కోసినారు. ఈ ఒంట్లోంచి తీసిందంతా పోగేస్తే ఇంకొక మనిషి అవుతాది. ఇంకొకసారి ఆ బల్ల మీద పడుకుంటే లేవనేమోనని భయం. నువ్వు బతకల్లని నాకుంది. సచ్చేంత భయం గూడా ఉంది. ఏం చేసేది?"

పొయ్యి మీద పప్పు పొంగితే లేచి మంట తగ్గించింది ఆయనే.

"భయమైతే ఎట్ల ఇస్తావులే," అన్నాడు. "సరే."

ఆ క్షణంలో ఆయన మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. ఇస్తాను అనే మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. పప్పు తాలింపు వేస్తూ ఏడ్చాను. ఆయన అన్నం తిన్నాక మా మరిదికి తనే ఫోన్ చేశాడు, నా పక్కనే కూర్చుని, స్పీకరు పెట్టి.

"మీ వదిన ఇయ్యనంది."

"అదేందన్నా, వదిన అంత మాటంటాదా! మనిషన్నాక కాస్త జాలి..."

"మరి నువ్విస్తావా?"

"హలో? అన్నా? హలో? తోటలో ఉండా, సిగ్నల్ లేదు. మల్లా చేస్తా," అని పెట్టేశాడు. అంతకు ముందు నిమిషం దాకా అతని గొంతు పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా వినిపించింది. చాలా రోజుల తర్వాత ఇద్దరం కలిసి నవ్వుకున్నాం. ఆ తర్వాత చీనీకాయలు రావడం ఆగిపోయింది.

మరుసటి రోజు డయాలసిస్ గదిలో సూదులు గుచ్చి, మిషన్లు తిప్పాక, భాయ్ అలవాటు ప్రకారం అడిగాడు. "అమ్మ ఎప్పుడిస్తాది సార్?"

"అడిగినా భాయ్. ఇయ్యనన్యాది."

గదిలో అందరూ నన్ను చూశారు. నేను తల వంచుకోలేదు గానీ, ఎక్కడ చూడాలో తెలియక ఆయన చేతి నుంచి మిషన్లోకి పోయే ఎర్రటి గొట్టాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ గొట్టంతో ఎన్నాళ్ళు నడుస్తుందో డాక్టరమ్మ నాకు చెప్పింది. కలకాలం నడవదు. టీచరమ్మ భర్త పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కాసేపటికి భాయ్ గొంతు తగ్గించి అన్నాడు. "సార్, ఆ పంది... మన తట్టుకు ఎప్పుడొస్తాదంట?"

"ముందు ఎవురికి ఇస్తారంట సార్? వయసులో ఉండే వాళ్ళకేనా? మా మాదిరోళ్ళకు గూడానా?" అంది టీచరమ్మ, దిండు మీద నుంచి తల ఎత్తి.

నేను మా ఆయన వైపు చూశాను. నోరు లేనిదని, దాని ఇష్టం ఎవుడడిగినాడని అంటాడేమోనని చూశాను. ఆయన పెదాలు తడుపుకున్నాడు.

"అమెరికాలో జోరుగా చేస్తాండారంట," అన్నాడు మెల్లగా. "వస్తాది. మనకూ వస్తాది."

ఎక్కడో ఏసీ గదిలో ఏ జబ్బూ లేకుండా తింటూ తిరిగే ఆ జంతువు కళ్ళ ముందు మెదిలింది. నేను కాదన్న బల్ల మీద అది పడుకోవాలి. దానికి భయముంటుందని మా ఆయనే చెప్పాడు. మిగతావాళ్ళను బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, దాన్ని ఇష్టమేనా అని అడిగే డాక్టరమ్మ ఉండదు. ఇదంతా నాకు ఆ గదిలో అందరికంటే బాగా తెలుసు.

నేను ఆయన చల్లటి చెయ్యి పట్టుకుని, అది తొందరగా రావాలని కనబడని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.